నలభై ఎనిమిదిని పద్దెనిమిది చేశాను

నాలుగేళ్లుగా ఒక అంకె నా మీద కూర్చుని ఉంది. అంకెకు బరువుంటుందా అని మీరు అడగవచ్చు. నేనూ అడిగి చూసుకున్నాను. ఉంటుంది. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

ఇంజినీరింగ్ చదివి, అరకు దగ్గర ఒక కాఫీ శుద్ధి కేంద్రంలో పనిచేస్తున్నాను. రైతులు తెచ్చిన పళ్లను నీళ్లలో పోయించి, తేలినవి తీసేయించి, మునిగినవాటిని తరగతులుగా విడదీయించడం నా పని. ఏ గింజ ఏ తరగతిదో పొరపాటు పడను.

ఫ్రాన్స్ నుంచి కొనుగోలుదారులు రావడం ఎక్కువైంది. వాళ్లకు తోటలు చూపించే మనుషులు కావాలని కేంద్రంలోనే పనిచేసేవాళ్లకు ఫ్రెంచి క్లాసులు పెట్టారు. ఏమీ రానివాళ్లకు ఒకటో లెవెల్, కాస్త వచ్చినవాళ్లకు రెండో లెవెల్. రెండోదాంట్లో పదే సీట్లు. అది పూర్తి చేసినవాళ్లకే గైడ్ పని. విశాఖ నుంచి వచ్చిన మేడమ్ రాత పరీక్ష పెట్టారు, ఒక్కొక్కరితో విడిగా మాట్లాడారు. రాతకు యాభైకి, మాటకు యాభైకి మార్కులు వేశారు. వాటిని కంప్యూటర్లో ఎక్కించి జాబితా తయారు చేసింది నేను. పరీక్ష రాసినవాళ్లలో నేనూ ఒకణ్ణి. ఆ మాట ఎవరైనా ఎత్తి ఉండాల్సింది. ఎవరూ ఎత్తలేదు.

తొమ్మిది పేర్లు తేలిపోయాయి. పదో సీటుకు ఇద్దరం మిగిలాం. నాకు రాతలో నలభై ఒకటి, మాటలో తొమ్మిది. సుక్రి అక్కకు (పేరు మార్చాను) రాతలో ఆరు, మాటలో నలభై ఎనిమిది. నాకన్నా నాలుగు ఎక్కువ.

ఆమె డుంబ్రిగుడ వైపు కొండమీది ఊరి మనిషి. గింజలు ఏరే బల్ల దగ్గర పనిచేస్తుంది. మూడు పంటకాలాలు ఒక ఫ్రెంచి జంట అదే బల్ల దగ్గర, ఆమెకు ఎదురుగా కూర్చుని ఏరుడు పని నేర్చుకున్నారు. వాళ్లు గింజ నేర్చుకున్నారు, ఆమె మాట నేర్చుకుంది. ఇంట్లో కువి, సంతలో ఒడియా, మాతో తెలుగు మాట్లాడే మనిషికి ఇంకో భాష ఎంతపని? నేను మాత్రం ఆరు నెలలు క్రియారూపాల పట్టికలు బట్టీ పట్టాను.

ఇన్ని పట్టికలు వచ్చినవాణ్ణి ఒకటో లెవెల్లోనా? ఏరే బల్ల మనిషి రెండోదాంట్లోనా? నా మనసులో వచ్చిన మాట ఇదే. మెత్తబరచకుండా రాస్తున్నాను. 48 ఉండాల్సిన చోట 18 కొట్టాను. ఒక్క మీట.

మర్నాడు ఆమే వచ్చి అడిగింది.

"ఏటి బాబూ, నాకు ఏ కలాసు?"

"ఒకటోది అక్కా."

"ఒకటోదా! మరి మేడమ్ నాతోటి అంతసేపు నవ్వుతా మాటాడింది గదా?"

"రాయడం కూడా రావాలి కదక్కా. పునాది గట్టిగా ఉండాలి."

"ఈ వయసులో పలక పట్టాలన్నమాట. బడికెళ్లే మా గుంట ఇరగబడి నవ్వుతాది." తనే నవ్వింది. "సర్లే, సదువుకున్నోడివి. నువ్వు సెప్పేక తప్పెందుకవుద్ది?"

ఆమె తిట్టి ఉంటే ఒప్పుకోవడానికి ఇన్నేళ్లు పట్టేది కాదేమో. నిజంగానా? తిట్టినా దాచేవాణ్ణేమో. తెలియదు.

ఎనిమిది ఆదివారాలు కొండ దిగి వచ్చింది. నోటి నిండా ఉన్న భాషను అక్షరం అక్షరంగా దిద్దించారు. తొమ్మిదో ఆదివారం రాలేదు. ఒకటో లెవెల్‌కు పాఠం చెప్పేది వేరే టీచర్. అయినా మేడమ్ ఒకసారి నన్ను అడిగారు, ఆ నవ్వే ఆవిడ ఏమైందని. మానేసింది మేడమ్ అన్నాను. అది రెండో తప్పు. మొదటిదానికన్నా సులువుగా వచ్చింది.

రెండో లెవెల్లో నేను నోరు విప్పింది లేదు. రాత బాగుంది కాబట్టి సర్టిఫికెట్ ఇచ్చారు. గైడ్‌గా వెళ్లమంటే ప్రతిసారీ పని ఉందని తప్పించుకున్నాను. ఆమెకు దక్కాల్సినదాన్ని తీసుకుని నేనేం చేశాను? ఏమీ చేయలేదు. ఖాళీగా ఉంచాను.

ఈ ఏడు కొత్త బ్యాచ్ పెడుతున్నారు. జాబితా పని మళ్లీ నాకే అప్పగించారు. మేడమ్ అప్పట్లో మార్కులు వేసిచ్చిన కాగితం ఫొటో తీసి, జరిగింది రాసి మేడమ్‌కూ మేనేజర్‌కూ పంపాను. జాబితా పని నా దగ్గర నుంచి తీసేశారు. నా మీద ఏ చర్య తీసుకుంటారో ఇంకా చెప్పలేదు. సుక్రి అక్కకు పరీక్ష అక్కర్లేదనీ రెండో లెవెల్లో మొదటి పేరు ఆమెదేననీ మేడమ్ జవాబు రాశారు.

ఆ కబురు నేనే చెప్పాలి. ఎందుకు ఆలస్యమైందో కూడా నేనే చెప్పాలి. నిన్న ఏరే బల్ల దగ్గరికి వెళ్లి, అందరూ వింటుండగానే చెప్పాను. ఆమె చేతులు ఆగలేదు. నల్లబడిన గింజలు పక్కకు పడుతూనే ఉన్నాయి. "కలాసు ఏ వారం నుంచి?" అంది. వచ్చే ఆదివారం అన్నాను. తలూపింది. క్షమించానని అనలేదు. నేను అడగలేదు.

తర్వాత నా ముఖంలోకి చూసి ఫ్రెంచిలో ఒక మాట అంది. పొడవైన వాక్యం. తిట్టో, మరేమిటో. బల్ల చుట్టూ ఉన్నవాళ్లంతా నా వైపు చూశారు. అర్థమైనట్టు తల ఊపడం నాకు బాగా అలవాటు.

"నాకు రాదక్కా," అన్నాను. "అర్థం కాలేదు."