చీకటి షెడ్డులో మిల్లింగ్ మిషను

రోస్వీత పిరికిదని షెడ్డులో అందరూ అనేవాళ్ళు. అననివ్వండి. ఇరవై ఏళ్ళు, ఇనుము చెక్కే ఆ గదంత మిల్లింగ్ మిషను పక్కనే నిలబడి పనిచేసిన మనిషి ఆమె. నూనె వాసన మారినా, గిర్రున తిరిగే కట్టర్ చప్పుడు మారినా, వెనక ఎవరైనా దగ్గినా ఇట్టే తెలిసిపోయేది. ఇప్పుడు షెడ్డుకి మూడు ఊళ్ళ అవతల, తన వంటింటి బల్ల దగ్గర కూర్చుని కంప్యూటర్‌తో అదే మిషను నడపాలి. వాసన రాదు, చప్పుడు రాదు. స్టార్ట్ నొక్కిన ప్రతిసారీ భయమే. అవతల ఎవరి చెయ్యి ఎక్కడుందో ఏం తెలుసు?

ఆ చలికాలపు శనివారం సాయంత్రం ఓనరు ఫోల్కర్ తన ఇంటినుంచి కంప్యూటర్‌లో మాట్లాడుతున్నాడు. తండ్రి పోయాక షెడ్డు చేతికొచ్చినవాడు, తొందర మనిషి. సోమవారానికి పంపు భాగాలు వెళ్ళిపోవాలి. రోస్వీత అంతా సిద్ధం చేసింది. తెర మీద ఎర్రటి అక్షరాలు వచ్చాయి: మిషను తలుపు తెరిచి ఉంది.

"ఆ తలుపు స్విచ్చి నిన్నట్నించీ అబద్ధాలాడుతోంది," అన్నాడు ఫోల్కర్. "దాన్ని పట్టించుకోకుండా నడిపే ఏర్పాటు చేయించాను. నొక్కేయండి."

"నిజంగానే తెరిచుందేమో."

"కెమెరా చూడండి రోస్వీత గారూ. షెడ్డంతా చీకటి. చీకట్లో ఎవరుంటారు, దెయ్యాలా?"

నిజమే, చిమ్మచీకటి. అయినా ఆమె వేలు కదల్లేదు. ఎందుకని అడిగితే చెప్పలేకపోయేది. భయానికి కారణాలడిగేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళుమంట.

"లోతార్ గారిల్లు షెడ్డుకి ఎదురే కదా. ఒక్కసారి చూసి రమ్మంటాను."

"పాపం, రిటైరైనా ముసలాయన్ని వదలరా మీరు?"

లోతార్ ఆమెకు పని నేర్పిన మనిషి. రోస్వీత సెల్‌ఫోన్ తీసి ఆయనకు కలిపింది.

అవతల రింగవగానే తెర మీద, ఆ చీకటి నడుమ, నీలంగా చిన్న వెలుగు పుట్టింది. మిషను పక్కన కాదు, లోపల. సరిగ్గా కట్టర్ కింద.

"చెప్పమ్మాయ్," అన్నాడు లోతార్. గొంతు డబ్బాలోంచి వచ్చినట్టుంది. "మిషన్ని ఇలాగేనా ఉంచుకునేది? మూలమూలలా ఇనుప తురుమే. నా వాకిలి ఊడ్చాక ఇటొచ్చాను."

శనివారం వాకిలి ఊడవనివాళ్ళతో ఇరుగుపొరుగు మాట్లాడని ఊరది. ఆయనకు రిటైరైనా చేతులూరుకోవు.

"లైటు వేసుకోలేదేం?" అంది రోస్వీత.

"ఇంతోటి పనికి షెడ్డంతా లైట్లా? కరెంటేమన్నా ఊరికే వస్తోందా? టార్చి తెచ్చుకున్నా. అదీ ఇందాకే చచ్చింది, చేత్తో తడుముకుంటున్నా."

బయటికి రమ్మని చెప్పబోయింది. ఈలోగా కంప్యూటర్‌లోంచి ఫోల్కర్, "ఇంకా నొక్కలేదా? మీవల్ల కాదులెండి, ఇక్కణ్ణించి నేనే నొక్కేస్తా," అన్నాడు.

"ఒరేయ్, చెయ్యి తియ్యి."

ఓనరుని ఆమె ఏనాడూ అలా పిలిచి ఎరగదు. గొంతు తనదిలా లేదు.

"చెయ్యి తియ్యరా ఫోల్కర్. లోపల మనిషున్నాడు."

ఆమె తెర మీది నీలపు వెలుగునే చూస్తూ, దేవుడా దేవుడా అనుకుంటూ ఉండిపోయింది.

"తీశాను," అన్నాడు ఫోల్కర్ చాలాసేపటికి, చిన్నపిల్లాడిలా.

"ఎవర్నమ్మా అలా తిడుతున్నావ్?" అన్నాడు లోతార్, ఇంకా లోపలినుంచే.