హారన్ కొడితే వెనక్కి వెళ్లిన బండి

నిన్న మధ్యాహ్నం నేను పనిలో ఉండగా సీను అన్న ఫోన్ చేశాడు.

"రంగి పోయినాది" అన్నాడు.

"ఎక్కడికి?" అని అడిగాను.

నిజంగానే అడిగాను. మా రంగక్క ఎవరికీ చెప్పకుండా బండెక్కి వెళ్లిపోయిందనుకున్నాను. మంచం దిగలేని మనిషని గుర్తే రాలేదు. ఒక్క క్షణం సంతోషం కూడా వేసింది.

అన్న ఏడుపు వినబడ్డాక గానీ అర్థం కాలేదు. ఇప్పటికీ మైండ్ ఒప్పుకోవడం లేదు.

తెలియనివాళ్ల కోసం చెప్తున్నా. ఆర్. రంగనాయకి మా పెద్దనాన్న కూతురు, సీను అన్నకి చెల్లెలు. తమిళనాడు రాజపాళయంలో మా రెండిళ్లకీ మధ్య ఒక్క గోడే. అక్క సత్రపట్టిలో ఒక బ్యాండేజ్ యూనిట్‌లో ప్యాకింగ్ చూసుకునేది. ముప్పై దాటాక కాళ్లలో కండ కరిగిపోవడం మొదలైంది. ఇది ఆగే జబ్బు కాదు, మెల్లగా చేతుల దాకా వస్తుంది అని మదురైలో డాక్టర్ చెప్పేశాడు.

బస్సు మెట్టు ఎక్కలేకపోయిన రోజు నుంచి అక్క ఇంట్లోనే.

హాలు, వంటిల్లు, కిటికీ.

వీధిలో ఎవరు వెళ్తున్నా "యాడికి పోతా ఉండావు?" అని అడిగేది. వాళ్లు చెప్పేది ఆఖరి మాట దాకా వినేది.

తర్వాత ఆ బండి వచ్చింది. పాత స్కూటర్‌కి వెనక చక్రం తీసేసి రెండు చక్రాలు బిగించిన మూడు చక్రాల బండి. వాకిట్లో చాప వేసుకుని, ఫోన్‌లో వీడియోలు చూస్తూ, దానికి కావలసినవన్నీ తనే బిగించుకునేది. ఊతకర్రలు పెట్టుకోవడానికి పైపు ముక్క. వానకి పైకప్పు. మళ్లీ పనికి వెళ్లడం మొదలుపెట్టింది.

ఒకరోజు సత్రపట్టి సందులో ఎదురుగా దూది మూటల లారీ వచ్చి ఆగింది. అక్క బండికి రివర్స్ లేదు. ఊతకర్ర జారి కింద పడిపోయింది. దిగలేదు, తిరగలేదు, వెనక్కి రాలేదు. ఎండలో అలాగే కూర్చుంది.

దారిన పోయేవాళ్లు "ఏమక్కా, ఎవురి కోసరం కాచుకోని ఉండావు?" అని అడిగితే "సుమ్మా", ఊరికే అని నవ్విందట. లారీలో సరుకంతా దించేదాకా అలాగే నవ్వుతూ కూర్చుంది.

ఇంటికొచ్చేసరికి ముఖం కందిపోయి ఉంది.

"వెనక్కి తొయ్యమని అడగొచ్చు కదక్కా" అన్నాను.

"అడిగితే తోస్తారు. రేపు మళ్లీ అడగాల కదా" అంది.

ఆన్‌లైన్‌లో చిన్న రివర్స్ మోటార్ తెప్పించింది. ఎన్నో సాయంత్రాలు వైర్లతో కుస్తీ పట్టి, ఒక ఆదివారం అందరినీ పిలిచి స్విచ్ నొక్కింది.

హారన్ మోగింది.

సరేనని హారన్ నొక్కింది. బండి వెనక్కి కదిలింది! వెనకేమో పెద్దమ్మ వడియాలు ఆరబెడుతోంది. ఆమెను తప్పుకోమని చెప్పే కంగారులో అక్క మళ్లీ హారన్ కొట్టింది. బండి ఇంకా వెనక్కి.

"అయ్యో, నా వడాం!" అని పెద్దమ్మ కేక.

వడియాలన్నీ పిండి పిండి. అక్క మాత్రం ఊపిరాడనంతగా నవ్వింది. అంతలా నవ్వడం నేను మళ్లీ చూడలేదు.

ఆ తర్వాత జబ్బు చేతులకి వచ్చింది.

బ్రేక్ అందకపోతే దానికి పొడుగు పైపు వేసుకుంది. పట్టు జారితే హ్యాండిల్‌కి సైకిల్ ట్యూబ్ చుట్టుకుంది. ఏది పెట్టినా కొన్నాళ్లే. బండి మారేకొద్దీ ఒళ్లూ మారిపోయేది. చివరికి సేత్తూరు రోడ్డులో బ్రేక్ పట్టలేక చేనుగట్టుకి గుద్దేసింది.

అన్న తాళం లాక్కున్నాడు. "ఈ చేతులతో తోలితే చచ్చిపోతావే."

"ఇంట్లో ఉంటే మాత్రం?"

అన్న బయటికి నడిచాడు. గేటుకి తాళం వేశాడు. అన్నది తప్పనలేను. అక్కదీ తప్పు కాదు. ఆ వేసవంతా బండి వాకిట్లో కవర్ కప్పుకుని ఉంది. అక్క కిటికీలోంచి దాన్నే చూస్తూ ఉంది.

ఒకరోజు అన్నని పిలిచింది. "నేను తోలను. సుధ తోలుతాది. నేను వెనక కూర్చుంటా."

సుధ అంటే నేనే. నాకు సైకిల్ కూడా రాదు.

అన్న బండి తాళం తెచ్చి నా చేతిలో పెట్టాడు.

వెనక సీటు కోసం ప్లాస్టిక్ కుర్చీ కాళ్లు కోయించి, పాత కారు బెల్ట్ తెప్పించింది. అక్క వేళ్లకి స్పానర్ పట్టు చిక్కలేదు. పెద్దమ్మ కొంగు దోపుకుని కింద కూర్చుంది. జన్మలో స్పానర్ ముట్టని మనిషి.

"ఇట్ల తిప్పుమా. ఇంకా. ఇంకా బిగించు."

అంతా అయ్యాక పెద్దమ్మే ముందు ఆ సీటెక్కి, అటూ ఇటూ ఊగి చూసింది. "నేను పడకుంటే ఇది పడదు" అంది.

సేత్తూరు వైపు తీసుకెళ్లాను. హ్యాండిల్ గట్టిగా పట్టుకున్నాను. వెనక నుంచి అక్క సన్నని గొంతుతో నేర్పిస్తూనే ఉంది. ఊరు దాటాం. పక్కన కొండలు కనిపించాయి.

"చాలా అక్కా? తిరుగుదామా?"

"ఇంకా పో."

మరికొంత దూరం పోయి మళ్లీ అడిగాను. మాట లేదు. భయమేసి బండి ఆపి వెనక్కి చూశాను. కళ్లు మూసుకుని ఉంది.

"నిద్రొస్తా ఉండాదా?"

"లేదు. ఇల్లు గుర్తు రాలే. కాసేపు ఇట్లనే ఉండనీ."

ఉన్నాం. చాలాసేపు.

కొన్ని నెలలకే కూర్చోవడం కూడా పోయింది. మంచం, ఊపిరికి మెషిన్. ఆఖరి వారాల్లో మాట్లాడితే ఆయాసం. నిన్న పెద్దమ్మ చేతిలో చెయ్యి పెట్టి పడుకుంది. ఆ చెయ్యి చల్లబడేదాకా పెద్దమ్మకి తెలియలేదు.

ఈ రోజు పొద్దున తీసుకెళ్లారు. ఆడవాళ్లం వీధి మలుపు దాకానే వెళ్లాం.

పోయి రా అక్కా. ఊపిరికి ఇంత కష్టపడక్కర్లేని చోట హాయిగా ఉండు.