నా దొంగ కలలు

కలలు కనడంలో కాదుగానీ కల్పించడంలో నాకు మంచి పేరు రావాల్సింది. సెంటినరీ కాలనీలో మేమున్న క్వార్టర్ల వరుసలో ఆ పనిలో నన్ను మించినవాడు లేడు. కాకపోతే అది నలుగురిలో చెప్పుకునే విద్య కాదు.

తెలంగాణ రావడానికి మూడు నాలుగేళ్ల ముందు మాట. ఊపిరితిత్తులు చెడి నాయిన అన్‌ఫిట్ అయ్యాడు, ఆయన ఉద్యోగం నాకొచ్చింది. చుట్టాలంతా వచ్చి నా అదృష్టాన్ని మెచ్చుకుని, కోడికూర తిని వెళ్లారు. నాకు బాయి అంటే భయమని ఎవరికీ తెలియదు. బొగ్గు గనిని మా దగ్గర బాయి అంటారు. ల్యాంపు తలకు తగిలించుకోగానే అరచేతులు చెమర్చేవి. లోపల నెత్తి మీదుండే రాతి కప్పు కింద నడుస్తుంటే మెడ దానంతటదే భుజాల్లోకి పోయేది. ఎవరితో చెప్పుకోను? ముప్పై ఏళ్లు అదే కప్పు కింద తిరిగిన మా నాయినకు భయమంటే ఏమిటో తెలియదని కాలనీ అంతా చెప్పుకునేది.

తెలియకుండానే అమ్మ నాకు దారి చూపించింది. చెడ్డ కల వచ్చినవాణ్ణి మా వరుసలో ఎవరూ డ్యూటీకి పంపేవారు కాదు. గురువారం గుట్ట మీది దర్గాకు తీసుకుపోయి, ఆ కలను దర్గా చూసుకునే ముజావరుకు చెప్పించేవారు. ఆయన ఊదు పొగ పట్టి, నెమలీకల కట్టతో తల నిమిరాకే మళ్లీ బాయి దిగడం. మేము క్రైస్తవులం. అయినా అమ్మకు ఆదివారం చర్చి, గురువారం దర్గా. ఈ సంగతి పాస్టరుగారికి తెలియదని ఆమె ధీమా. పాస్టరుగారి అత్తగారిని నేనక్కడ రెండుసార్లు చూశాను.

నా మొదటి కల ఒక సోమవారం వచ్చింది. వచ్చిందంటే, తెప్పించుకున్నాను. మొదటి షిఫ్టుకు లేచి, ముఖం వేలాడేసుకుని అమ్మతో, "అవ్వా, మీద పాము పడ్డట్టు కలొచ్చింది" అన్నాను. అమ్మ చేతిలోని టిఫిను డబ్బా పక్కన పెట్టేసింది.

"ఇయ్యాల పోకు కొడుకా. డ్యూటీ ఏడికి పోతది?"

గురువారం దాకా హాయిగా పడుకున్నాను. ఆ తర్వాత రుచి మరిగాను. కొబ్బరికాయ కలలోకి వచ్చింది, పెండ్లిపందిరి వచ్చింది, చర్చి గంట వచ్చింది, ఒకసారి ఎద్దు కూడా వచ్చింది. రాష్ట్రం కోసం సమ్మె జరిగిన రోజుల్లో మాత్రం కలల అవసరమే పడలేదు. అప్పుడు అందరికంటే గట్టిగా నినాదాలిచ్చింది నేనే. నాయిన మంచం మీద దగ్గుతూ నా కలలన్నీ వినేవాడు, ఒక్క మాట అనేవాడు కాదు.

చివరికి మస్టర్లు, అంటే హాజరు, తక్కువై చార్జిషీటు చేతికొచ్చింది. ఇంకో నెల ఇలాగే నాగాలు పెడితే ఉద్యోగం పోతుంది. ఉద్యోగం పోతే క్వార్టరు పోతుంది. నాయిన తన ఊపిరి పోగొట్టుకుని నాకు ఇచ్చినది నా చేతుల్లోనే పోతుంది. ఆ కాగితం జేబులో పెట్టుకుని నేను చేసిన ఘనకార్యం ఏమిటంటే, ఇంకో కల అల్లడం.

ఆ గురువారం అమ్మ బయట ఇప్పచెట్టు కింద అందరికీ మలీద ప్రసాదం పంచుతోంది. ముజావరు ముసలాయన పాన్ నములుతూ నన్ను దగ్గర కూర్చోబెట్టుకున్నాడు.

"చెప్పు బేటా. ఇయ్యాల ఏం పడ్డది?"

"పడుడేంది సాబ్?"

"పాము ఏడ నుంచి పడ్డది? మీది నుంచి. కొబ్బరికాయ? మీది నుంచి. పందిరి కూలె, గంట ఊడె. ఆఖరికి ఎద్దు గూడ మీది నుంచే పడ్డది. ఎద్దు మీది నుంచి ఎట్ల పడ్తది బేటా? మీ అవ్వ పక్కకున్నదని నవ్వు ఆపుకున్న."

ఆయన ఇంకా తీరిగ్గా చెప్పసాగాడు.

"కలలు మూడు తీర్లని మా పెద్దలు చెప్పిండ్రు. కడుపుల నుంచి వచ్చేదొకటి, దిల్‌ల నుంచి వచ్చేదొకటి, దేవుని దిక్కు నుంచి వచ్చేదొకటి. నీయి నోట్లె నుంచి వస్తున్నయ్. గీ నాలుగో తీరు సంగతి వాళ్లకు తెల్వలే."

"మా అవ్వకు చెప్తరా?"

"ఎందుకు చెప్త? అబద్ధం గూడ లోపటి నుంచే వస్తది. కల నువ్వు చేసుకున్నవ్, భయం మాత్రం అసలుదే. నిజం చెప్పాలంటే సిగ్గుపడేటోనివి. అబద్ధంల మొత్తం చెప్పేసినవ్."

నాకు ఏడుపొచ్చింది. దొరికిపోయినందుకు కాదు. నా భయం ఒక్కరికైనా తెలిసిందన్న సంతోషంతో ఏడ్చాను.

"బొగ్గంటే ఏంది?" అని అడిగాడాయన.

"బొగ్గే."

"అడివి బేటా. ఎప్పటియో చెట్లు పండుకున్నయ్. పండుకున్నోళ్ల ఇంట్లకు ఎట్ల పోతం? చుట్టు చూసుకుంట, మెల్లగ పోతం. మెడ గుంజుకొని దొంగ లెక్క పోతమా? శ్వాస తీసినప్పుడల్లా నీ దేవుని పేరు తల్సుకో. మా దగ్గర దాన్ని జిక్ర్ అంటరు. పోయి గా అడివిల నుంచి నాకొక ఆకు తే. ఆకు లేకుంట మళ్ల గీడికి రాకు."

ముసలాయనకు మతి పోయిందనుకున్నాను. కానీ దర్గాకు రాకూడదంటే ఇక కల కనే వీల్లేదు. మరునాడే బాయి దిగాను. ఊపిరికొక పేరు చొప్పున తలచుకుంటూ, ఆకు కోసం మొదటిసారి తలెత్తి కప్పు వైపు చూశాను. చూస్తూనే నడిచాను. మూడో రోజు మా పని చూసే సర్దార్ పట్టుకున్నాడు.

"ఏందిర గట్ల మీదికి చూస్తున్నవ్?"

ఆకు కోసమని ఎలా చెప్పను? "పగుళ్లు చూస్తున్న అన్న" అన్నాను. అబద్ధాలకు అలవాటుపడ్డ నోరు కదా. ఆయన పొంగిపోయి, "గీ పిలగాన్ని చూసి నేర్చుకోండి" అని అందరికీ చాటి, కర్రతో కప్పును తట్టి చప్పుడు వినడం నాకు ప్రత్యేకంగా నేర్పించాడు. గట్టి కప్పు ఖంగుమంటుంది, వదులైనది డొల్లగా మోగుతుంది. అలా ఆకుల దొంగనైన నేను బాయిలో జాగ్రత్తపరుడినైపోయాను. చేతుల చెమట ఎప్పుడు ఆగిందో గమనించనేలేదు.

నెల దాటాక ఒకనాడు, ఎప్పుడో ఊడిపడిన రాతి పలకలో దొరికింది. వేలెడంత ఆకు అచ్చు, నడుమ ఈనె, నలుపు మీద నలుపు. ల్యాంపు దగ్గరగా పెట్టి చూస్తూ షిఫ్టు సంగతే మరిచిపోయాను. సాబ్ చెప్పింది నిజం, నేను అడవిలోనే ఉన్నాను. దాన్ని టిఫిను డబ్బాలో దాచి పైకి తెచ్చాను.

గురువారం ఆయన ఆ రాతిని కళ్లకద్దుకుని, గోడ గూటిలో ఉన్న ఆకుపచ్చ గుడ్డ తొలగించాడు. లోపల అలాంటివే ఏడెనిమిది ఉన్నాయి. వాటిలో పెద్దదాన్ని తీసి నా చేతిలో పెట్టాడు.

"గిది మీ నాయినది. ఆయన దొంగ కలలల్ల అన్నీ నీళ్లే. రోజు మునుగుడే."

ఇంటికొచ్చాను. నాయిన మంచం మీద గోడకు చేరబడి ఉన్నాడు. అమ్మ వంటింట్లో ఉందని చూసుకుని, పక్కన కూర్చుని చెవిలో చెప్పాను.

"నాయినా, నీ ఆకు చూసిన."

ఆయన చాలాసేపు దగ్గాడు. కొంతసేపటికి గానీ అది నవ్వని నాకు అర్థం కాలేదు. కళ్లు తుడుచుకుని, ఊపిరి అందాక అడిగాడు.

"నాదాంట్ల ఈనెలు మంచిగ కనవడ్తయ్ గద?"