నీడకు వేసిన గొలుసు

చేనేత సంఘం కార్యవర్గం వారి సముఖమునకు.

ఆడెపు వెంకటరాజం, వయస్సు అరవై ఎనిమిది, వరంగల్ కొత్తవాడ నివాసి. సంఘం గుమాస్తాగా ఈయనను నేను ముప్పై ఒక్క సంవత్సరములుగా ఎరుగుదును. ఈయన మగ్గాన్ని ఈ నెలాఖరుకు విప్పివేయవలెనని వచ్చిన ఉత్తర్వుకు నకలు రాసినది నేనే. కనుక ఆ మగ్గం సంగతి కూడా రాయవలసిన బాధ్యత నాపై ఉన్నదని తలచి ఇది సమర్పించుకొంటున్నాను.

అది వెడల్పు జంపఖానాలు నేసే మగ్గం. ఇద్దరు పక్కపక్కన కూర్చుంటే తప్ప నడవదు. ఎడమవైపు వెంకటరాజం, కుడివైపు వర్ధన్నపేట నుంచి రోజూ బస్సులో వచ్చే ఉప్పలయ్య కూర్చునేవారు. నూలుండ నడిమికి రాగానే ఒకరి చేతి నుంచి మరొకరి చేతికి మారుతుంది. ఇనుప పంజాలతో ఇద్దరూ ఒక్క వేటున పేకను దిగగొట్టాలి. ఒకరు తొందరపడితే నేత వంకర పోతుంది. ఆ లయ తప్పకుండా ఉండడానికి వారు కథ చెప్పుకొనేవారు. అది ఒక రాకుమారుని సాహసయాత్ర; ఎన్నో ఏళ్లు సాగింది. దానికొక నియమం ఉండేది. ఆపద కల్పించినవాడు దానిని తీర్చరాదు, పక్కవాడే తీర్చాలి.

రెండేళ్ల కిందట ఒక శనివారం వెంకటరాజం రాకుమారుణ్ణి చెరలో వేశాడు. నడిసంద్రంలో నల్లరాతి కోట, ఏడు వాకిళ్లు, కునుకెరుగని రాక్షసి కాపలా. గొలుసు కాళ్లకు కాదు, నీడకు వేశాడు. నీడ ఏనాడూ చెరగకుండా ఎదుట ఆరని దీపం పెట్టాడు. మిత్రుణ్ణి ఒక్కసారైనా ఓడించాలన్న పంతంతో అంతగా బిగించానని తరువాత నాతో ఒప్పుకొన్నాడు. ఉప్పలయ్య సాయంత్రం దాకా ఆలోచించి, టిఫిన్ డబ్బా సర్దుకొంటూ, "సోమారం చెప్త తీయ్. గింత గట్టిగేసినవేందిరా" అన్నాడట. ఆదివారం గుండె ఆగి మరణించాడు.

ఆ తరువాత వెంకటరాజం ఎడమ సగంలోనే కూర్చొని ఒక్క మనిషి వెడల్పు ఆసనాలు నేస్తూ వచ్చాడు. భార్య గతించి చాలా కాలమైంది, పిల్లలు లేరు. మధ్యాహ్నం గోడకు తిరిగి అన్నం తినేవాడు. షెడ్డు బయటి నుంచే ఆ ఒంటి పంజా మోత వేరుగా తెలిసేది.

సంఘం వారు జోడీగా ముగ్గురిని పంపారు. మొదటివాడు, మాట పలకని మనిషి పక్కన ఊపిరాడడం లేదని చెప్పి రెండు రోజులకే వెళ్లిపోయాడు. రెండవవాడు వారం ఓపిక పట్టాడు. మూడవవాడైన దేవదాస్ హాస్యప్రియుడు. "పెద్దనాయినా, గా రాకుమారున్ని బెయిల్ మీదనన్న ఇడ్వరాదే. జైల్లనే ముసలోడైతాండు" అన్నాడు. షెడ్డంతా నవ్వింది. వెంకటరాజం పంజా కింద పెట్టి ఇంటికి పోయి నాలుగు రోజులు రాలేదు. నేను వెళ్లి, కథను తానే ముగించి కొత్త జోడీతో పని సాగించమని నచ్చజెప్పబోయాను.

"ఇడిపించేది వాని వంతు సారూ. నేను జెప్తే వాడు లేనట్టే గద" అన్నాడు.

ఉత్తర్వు వెలువడిన తరువాత, గత సోమవారం, ఉప్పలయ్య భార్య మొగిలమ్మ షెడ్డుకు వచ్చింది. మగ్గం విప్పేలోగా భర్త పంజాను తీసుకుపోవడానికి వచ్చింది. హాజరు పుస్తకంతో నేను అక్కడే ఉన్నాను. వెంకటరాజం పంజాను రెండు చేతులా అందించాడు. ఆమె కదలలేదు. రాకుమారుడు ఇంకా చెరలోనే ఉన్నాడా అని అడిగింది. ఆయన అవునన్నట్టు తల ఊపాడు.

"ఆ రాత్రి అన్నం తినుకుంట గిదే చెప్పిండన్నా. ఉపాయం చెప్పలే. నవ్విండు, గంతె. రెండేండ్ల సంది నేనొక్కదాన్నే సోంచాయిస్తాన" అన్నది. మళ్లీ తానే, "రాక్షసి నీడ పెద్దదా, రాకుమారునిది పెద్దదా?" అని అడిగింది.

"రాక్షసిదే."

"మరి ఆమె అన్నం పెట్టనీకొచ్చి దీపానికి అడ్డం నిలవడ్డప్పుడు ఈయన నీడ యాడుంటది? నీడనే లేకపోతె గొలుసు దేన్ని పట్టుకుంటది?"

గొలుసు జారిన క్షణం నుంచి రాకుమారుడు ఆ నీడను విడువకుండా రాక్షసి వీపు వెనుకనే నడవాలని, ఏడు వాకిళ్లూ ఆమే తెరుచుకొంటూ పోతుందని, ఆమె ఒక్కసారి తల తిప్పితే ప్రాణం దక్కదని మొగిలమ్మ వివరించింది.

"గంత దగ్గర నడిస్తె సప్పుడు ఇనవడదా చెల్లె?"

"ఆమె అడుగు వడ్డప్పుడే ఈయన అడుగు వడాలె. నలభై ఏండ్లు గట్లనే నడిచిన. ఇనవడదన్నా."

ఏడవ వాకిలి దాటించి ఆమె రాకుమారుణ్ణి సముద్రపు ఇసుకలో నిలబెట్టింది. పడవ మాత్రం ఇవ్వలేదు. పడవ సంగతి ఆయననే చూసుకొమ్మన్నది. వెంకటరాజం లేచి కుడివైపు పీట మీది దుమ్ము దులిపాడు. ఆమె వచ్చి కూర్చున్నది; భర్తకు జ్వరం వచ్చిన రోజుల్లో ఆ పీట మీద నేసిన చేయే ఆమెది. మొదటి జానెడు వంకర వచ్చింది. విప్పి మళ్లీ నేశారు. సాయంత్రానికి మూరెడు పూర్తి వెడల్పు నేత దిగింది.

సభ్యుల పుస్తకంలో మొగిలమ్మ పేరు లేదు. ఇద్దరు సభ్యులు లేని జోడు మగ్గాన్ని ఉంచరాదన్న నిబంధన నాకు తెలియనిది కాదు. కావున తాము దయతో ఆమెను సభ్యురాలిగా నమోదు చేయించి, సదరు మగ్గాన్ని విప్పకుండా వారిద్దరి పేర కొనసాగించవలసినదిగాను, వర్ధన్నపేట బస్సు ఆలస్యంగా చేరుతున్నందున ఆమె హాజరును తొమ్మిదిన్నర వరకు స్వీకరించవలసినదిగాను సవినయంగా ప్రార్థించుచున్నాను.