ఎత్తేసిన పరుపు

జాన్ సాహెబ్‌కి కోపమొస్తే తిట్టేవాడు. అసహ్యం వేస్తే మాత్రం నోరు మెదిపేవాడు కాదు. గడప దాకా వెళ్ళి, బయటికి ఉమ్మేసి వచ్చి, మళ్ళీ పనిలో కూచునేవాడు. ముప్పై ఏళ్ళ కాపురంలో అతను అలా ఉమ్మడం సాబిరా చూసింది ఏ నాలుగైదుసార్లో. కడపటి రెండేళ్ళలో ఎన్నిసార్లో ఆమెకే గుర్తులేదు.

నరసరావుపేటలో రైలుగేటు అవతల సందులో ఇల్లు. ముందుగదిలో దూది ఏకే మిషను, వెనకగదిలో సంసారం. చిలకలూరిపేట నుంచి దూది తెచ్చి పరుపులు కుట్టేవాడు. ఈపూరు, గురజాల, మాచర్ల, ఎక్కడ పెళ్ళయినా తన పరుపు ఒకటి వెళ్ళాల్సిందే అనేవాడు. తను మాత్రం చాప మీద పడుకునేవాడు. జుట్టులో, కనుబొమల్లో ఎప్పుడూ దూదిపింజలే. కూతురు ఫరా చిన్నప్పుడు వాటిని ఒక్కొక్కటే ఏరుతూ, "నాన్న మళ్ళీ కుర్రోడయ్యాడు" అని చప్పట్లు కొట్టేది.

ఆ ఇంటి గడప తొక్కినవాడు టీ తాగకుండా పోకూడదు. అది అతని పట్టు. కరెంటు మీటరు చూసే మనిషికీ టీ, ఇల్లు పొరబడి తలుపు కొట్టినవాడికీ టీ. "అల్లా పంపిన మనిషిని గొంతు తడపకుండా పంపిస్తామా ఏందే?" అనేవాడు.

ఫరా యూనివర్సిటీలో సోషల్ వర్క్ చదువుతోంది. మొదటి ఏడు ఎలాగో గట్టెక్కింది. రెండో ఏడు ఫీజు కట్టకపోతే పెట్టె సర్దుకుని రావాల్సిందే. సమాజసేవ చదువులు చదివే పిల్లలకి హైదరాబాదులో ఒక ట్రస్టు స్కాలర్‌షిప్ ఇస్తోందని నెట్ సెంటర్ శ్రీకాంత్ చెప్పాడు. దరఖాస్తు కూడా తనే పంపాడు.

"ఇల్లు చూడటానికొస్తారు బాబాయ్" అన్నాడు.

ఇల్లు చూడటానికి రావడమంటే జాన్ సాహెబ్‌కి తెలిసింది ఒకటే, పెళ్ళిచూపులు. వచ్చినవాళ్ళ ముందు ఇల్లు చిన్నబోకూడదు. పక్కింటి మెకానిక్ సుభానీని అడిగి కూలరు తెచ్చాడు. ఈపూరు వెంకటేశ్వర్లుగారి కూతురి పెళ్ళికని కుట్టి ఉంచిన ముఖమల్ పరుపు తీసి మంచం మీద పరిచాడు.

"పెళ్ళికూతురి పరుపయ్యా అది! వాళ్ళకి తెలిస్తే?" అంది సాబిరా.

"కూసుంటే అరిగిద్దా? దులిపి ఇస్తాలే."

ట్రస్టు నుంచి కీర్తన అనే మేడమూ, కెమెరా పట్టుకున్న కుర్రవాడూ వచ్చారు. పలావు, కోడికూర పెట్టారు. మేడమ్ అడిగి మరీ రెండోసారి ముక్కలు వేయించుకుంది. తిన్నాక పరుపు మీద వెనక్కి వాలి, "ఎంత మెత్తగా ఉందో అంకుల్, నిద్రొచ్చేస్తోంది" అంది. జాన్ సాహెబ్ ఆ సాయంత్రమంతా ఆ మాటే చెప్పుకున్నాడు.

పది రోజులకి ఫరా ఫోనుకి కబురొచ్చింది. అర్హత లేదు. ఆమె పంపిస్తే కారణాలు శ్రీకాంత్ చదివి వినిపించాడు: "ఇంట్లో కూలర్ ఉంది. ఖరీదైన వెల్వెట్ పరుపు ఉంది. మాంసాహారం పుష్కలంగా వండుకుంటారు."

"మా ఇంట్లో తిని, తిన్న ముక్కలు కూడా రాసుకుందా!" అంది సాబిరా.

జాన్ సాహెబ్ గడప దాకా వెళ్ళొచ్చాడు.

"మళ్ళీ చూడమని అడగొచ్చు" అన్నాడు శ్రీకాంత్. "ఈసారి నేను చెప్పినట్టు చెయ్యి బాబాయ్. కూలరొద్దు. పరుపు, మంచం ఎత్తెయ్యి. మిషను మీద పాత దుప్పటి కప్పు. గోనెపట్టా ఏసుకుని కూసో. పిన్నీ, నువ్వు చిరుగు చీర కట్టు. టీ అన్న మాట ఎవరి నోటా రాకూడదు."

"టీ కూడానా?"

"టీ ఇస్తే, రోజూ పాలు కొంటన్నారని రాస్తారు."

సాబిరా నవ్వింది. శ్రీకాంత్ నవ్వలేదు.

సంగతి తెలిసి ఫరా ఫోన్ చేసింది. "నాన్నా, వద్దు. దాచేపల్లి సిమెంటు ఫ్యాక్టరీలో కంప్యూటర్ పని ఉందంట, చేరిపోతా. నువ్వా వేషం ఎయ్యొద్దు."

"నోర్మూసుకుని చదువు" అని పెట్టేశాడు.

రెండోసారి ఆ మేడమే వచ్చింది. ఇల్లంతా కలియజూసి, తృప్తిగా తలాడించింది. కూచోలేదు. కూచోమని అడిగేందుకు అక్కడేమీ లేదు కూడా. కెమెరా కుర్రవాడు వంగి, "అంకుల్, తల కొంచెం దించండి. చేతుల్లో ఏం వద్దు. ఖాళీగా. ఆఁ, అట్లా" అన్నాడు. ఏప్రిల్ ఎండకి మేడమ్ మెడ తుడుచుకుంది. సాబిరా ఉండబట్టలేక చెంబుతో మంచినీళ్ళు తెచ్చింది. ఆవిడ చెంబు వంక చూసి, "వద్దమ్మా, కార్లో బాటిల్ ఉంది" అంది. మొన్న కోడికాలు చీకిన నోరే అది.

జాన్ సాహెబ్ కుడిచెయ్యి రెండుసార్లు పొయ్యి వైపు కదిలి ఆగడం సాబిరా చూసింది. కారు వెళ్ళిపోయాక కూడా అతను పట్టా మీంచి లేవలేదు. అలవాటు కొద్దీ ఆమె పొద్దున్నే కాచి దాచిన పాలు వెనకగదిలో విరిగిపోయాయి.

స్కాలర్‌షిప్ వచ్చింది. ఫరా చదువు పూర్తయింది. ఆ తర్వాతి జనవరిలో ట్రస్టువాళ్ళు ఒక క్యాలెండర్ పంపారు. మే నెల పేజీలో గోనెపట్టా మీద తలదించుకున్న జాన్ సాహెబ్. కింద "చీకటింట వెలుగు" అని అక్షరాలు. "చీకటంట!" అన్నాడు. అంతే. ఆ రోజు ఎన్నిసార్లు గడప దాకా వెళ్ళాడో. తర్వాత కూడా ట్రస్టు పేరు ఎవరెత్తినా లేచేవాడు.

నిరుడు వానాకాలంలో, పరుపు కుడుతూ కుడుతూ, సూది చేతిలో ఉండగానే పక్కకి ఒరిగాడు.

నలభయ్యో రోజు ఫాతెహా ప్రార్థనకి సుభానీ కొడుకు మోయిన్ ఎదురు స్తంభానికి ఫ్లెక్సీ కట్టించాడు. వంట చూసుకుంటున్న సాబిరా గుమ్మంలోకి వచ్చి తలెత్తింది. అదే గోనెపట్టా. అదే దించిన తల. ఖాళీ చేతులు.

"దించు దాన్ని" అంది.

"ఇంత క్లియర్‌గా ఉన్న ఫొటో ఇంకోటి లేదు పిన్నీ. చానా ఎతికా."

"ఇంటికొచ్చినోళ్ళకి టీ ఇయ్యకుండా కూసున్న రోజురా అది. ఆ మొగం నాకొద్దు."

"ఫరాని అడిగి..."

"దించరా!"

మోయిన్ నిచ్చెన వేసుకుని తాళ్ళు కోశాడు. ఫ్లెక్సీ బురదలో బోర్లా పడింది. సాబిరా గడప దాకా వచ్చి, బయటికి ఉమ్మేసి, లోపలికి వెళ్ళి పెద్ద గిన్నెతో టీ పెట్టింది. నిచ్చెన దిగిన మోయిన్‌కే మొదటి గ్లాసు.