అక్క పేరు పెట్టిన ముక్కుపురుగు

పొద్దున తిరువళ్ళూరు ఇంటి మిద్దె మీద బియ్యం ఆరబోస్తుంటే ఒక ముక్కుపురుగు తీరిగ్గా నా వేలెక్కింది. దులిపేయబోయి ఆగాను. మా ఇంట్లో ఈ వంశానికి మర్యాద ఎక్కువ. కారణం మా అక్క.

అక్క తిరుత్తణి కాలేజీలో జంతుశాస్త్రం చెప్పేది. ముక్కుపురుగుల గురించి చుట్టాల కబుర్లంత ఇష్టంగా మాట్లాడేది. "ఇంత సదువు సదివింది పురుగులు ఏరేదానికా?" అని అమ్మ నొచ్చుకునేది. ఒక ఏడు మ్యూజియం వాళ్ళు పరిశీలించమని అక్కకు అంబర్ ముక్క ఒకటి ఇచ్చారు. కోట్ల ఏళ్ళ కిందట చెట్టు కార్చిన జిగురు గట్టిపడి తేనెరంగు రాయిలా మారింది. లోపల నువ్వుగింజంత ముక్కుపురుగు, కాళ్ళు ముడుచుకుని, ఇప్పుడే కునుకు పట్టినట్టు. ఇది ఎవరూ ఎరగని కొత్త ప్రజాతి, అంటే పురుగుల్లో కొత్త ఇంటిపేరు అని అక్క వ్యాసం రాసి ఒక సైన్సు పత్రికకు పంపింది. చదివిన పెద్దలు ఒప్పుకోలేదు. తెలిసిన ప్రజాతిలో మీసాలు ముక్కు చివర మొలుస్తాయి. దీనికి ఎక్కడ మొలిచాయో గాలిబుడగ అడ్డమై కనబడడం లేదు, చూపించమన్నారు.

చూపించాలంటే అంబర్‌ను పక్కనుంచి కిటికీలా అరగదీయాలి. వెంట్రుకవాసి ఎక్కువైతే పురుగే పోతుంది. మ్యూజియం వాళ్ళు సరేనన్నారు గానీ, అలాంటిది మరొకటి లేదు. ఆ ఆదివారం నేను తిరుత్తణిలో అక్క ఇంటికి వెళ్ళేసరికి అమ్మ గుమ్మంలోనే నోటిమీద వేలు పెట్టింది. విజిల్ వస్తే అక్క చెయ్యి అదురుతుందని కుక్కర్ కూడా ఎక్కించలేదు, అందరం పస్తు. అక్క వెలుతురుకి కూర్చుని, తడిపిన సన్నటి గరుకుకాగితం మీద రెండు రుద్దులు రుద్దడం, భూతద్దంలో చూడడం. కొండ మీది గుడికి మొక్కు కావళ్ళు మోసేవాళ్ళ "అరోహరా" కేకలు తప్ప ఇంకో చప్పుడు లేదు.

మధ్యాహ్నం దాటాక మైక్రోస్కోపు మీదికి వంగిన అక్క ఎంతకీ తల ఎత్తలేదు. పురుగు పోయిందనే అనుకున్నాను.

"రేయ్ తమ్ముడూ, ఇట్ల రా. మీసాలు యాడ మొలిచినాయో నువ్వే సెప్పు."

చూశాను. "కంటి పక్కనే కదక్కా!"

"అదీ!" అని అక్క అరిచిన అరుపుకి పక్కింటివాళ్ళు పరుగెత్తుకొచ్చారు. అమ్మ కూడా కన్ను ఆనించి చాలాసేపు చూసింది. "బంగారంలో పొదిగినట్టుండాదే. పేరు నువ్వేనా పెట్టేది?"

"నేనేమా."

"అయితే మంచి పేరు పెట్టు. పాపం, శానా కాలంగా కాచుకోనుండాది."

వ్యాసం అచ్చయింది. ఆ ప్రజాతి పేరులో తిరుత్తణి ఉంది. "మా పాప పెట్టినాది, లోకమంతా ఆ పేరుతోనే పిలవాల" అని అమ్మ పూలంగడి దాకా చెప్పివచ్చింది. కోట్ల ఏళ్ళంటే ఎంతో నా ఊహకు ఇప్పటికీ అందదు. కానీ అంత కాలమూ ఒక మధ్యాహ్నం మా అక్క అరచేతిలో ఒదిగి కూర్చోవడం నా కళ్ళతో చూశాను.