కుసుమక్క బ్యాటు దించలేదు

మా పేటలో ఆదివారమంటే చేపల బేరం. కుసుమకుమారక్క శ్రీకాకుళం బజారులో వంజరాలు కోసి, అమ్మి, గంప కడుక్కుని, మిట్టమధ్యాహ్నం ఎండలో గ్రౌండుకి వస్తాది. ఇద్దరు పిల్లల తల్లి. స్కూల్లో ఉన్నప్పుడు సాఫ్ట్‌బాల్ రాష్ట్రస్థాయిలో ఆడింది. పెళ్లయ్యాక మిగిలింది ఈ ఆడవాళ్ల ఆదివారం లీగొక్కటే.

గంప ఎత్తీ దించీ కుడి మణికట్టు పాడయింది. బరువు బ్యాటు ఊపితే చెయ్యి పట్టేస్తాది. అందుకే పాత కోచ్ తేలికపాటి ఫైబర్ బ్యాటు ఇచ్చాడు. దాని మీద సాఫ్ట్‌బాల్ సమాఖ్య ఆమోదముద్ర ఉంది. రాష్ట్ర పోటీల్లో దాంతో ఆడొచ్చు. మా లీగులో మాత్రం ఆడకూడదట!

లీగు కమిటీ పెద్ద రంగనాథం గారికి బట్టల కొట్టుంది. ఆ బ్యాటుతో అక్క కొట్టిన బంతి జోరుగా తగిలి, ఆటలో ఉన్న ఆయన కోడలి వేలు విరిగింది. పాపం, అది నిజమే. మర్నాడే ఫైబర్ బ్యాట్లు బంద్ అన్నాడు. లీగు మొత్తంలో ఫైబర్ బ్యాటు అక్కదొక్కటే.

"ముద్ర సూడండి బాబూ," అంది అక్క.

"చూశానమ్మా. ముద్ర వేసినోళ్లు వచ్చి కట్లు కడతారా? కమిటీ బ్యాటుతో ఆడు."

"ఆ రోకలితోనా? నా సెయ్యి ఊడొస్తాది."

"అయితే ఫీల్డింగ్ చేసుకో."

ఇంటికొచ్చి నాన్నతో చెప్పుకుంది. అక్క నాన్న, అంటే మా నూకయ్య పెదనాన్న, పేటకి కులపెద్ద.

"పోయినేడు నాగబాబు పెద్దవల తెచ్చినాడు. లైసెన్సు సూపించినాడా లేదా? తీరంలో సేపలన్నీ ఊడ్సేస్తాదని మనం వెయ్యనిచ్చినామేటి?"

"నా బ్యాటు ఎవుడి కూడు ఊడ్సేసింది నాన్నా?"

"పదిమందీ కూకుని వద్దంటే వద్దే."

నేను గుమ్మంలోనే ఉన్నాను. "నాగబాబుని ఒడ్డున కూకోబెట్టి మాటాడనిచ్చారు గదా పెదనాన్నా. ఇక్కడ పదిమందెక్కడ? రంగనాథమొక్కడే కూకున్నాడు."

"కాలేజీ మానేసినోడివి, నువ్వేటిరా నాకు సెప్పేది?"

ఒళ్లు మండిపోయింది. జవాబు లేనప్పుడల్లా అందరికీ నా కాలేజీయే దొరుకుతాది.

ఆదివారం అక్క తన బ్యాటే భుజానేసుకుని ఆటలోకి దిగింది. దించమన్నాడు అంపైరు. దించలేదు. ఔటిచ్చాడు. రెండోసారీ అంతే.

"నీ పంతానికి మా మ్యాచ్ పోతన్నాదే!" అని కెప్టెన్ ఝాన్సీలక్ష్మి అరిచింది.

"నువ్వూ అడుగు మరి. నేనొక్కదాన్నే అడుగుతుంటే పంతంలాగే ఉంటాది."

ఝాన్సీలక్ష్మి అడగలేదు. మూడోసారి వేరే పిల్లని పంపింది. అక్క బ్యాటు దించకుండా గీత పక్కనే నిలబడింది.

"ఇంకెంతసేపక్కా?" అన్నాను.

"నన్ను తీసేసినారని, ఎందుకు తీసేసినారో మైకులో సెప్పమను. అప్పుడు ఎల్తాను."

రంగనాథం గారు మైకందుకుని గెలిచినోళ్ల పేర్లు చదివాడు. దాతలకి దండాలు పెట్టాడు. షామియానా విప్పించాడు. అక్క మాట మాత్రం ఎత్తలేదు. మైకు వైర్లు చుట్టుకుని కుర్రాళ్లు ఆటో ఎక్కారు. అక్క ఇంకా అక్కడే నిలబడి ఉంది.